తేనెపెట్టె చుట్టూ పదిహేడు వందల ఎకరాలు

విద్యార్థి సంఘం మిత్రులు ఈ వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని అడిగినప్పుడు, చదువు గురించి రాయాలా, ఉద్యోగం గురించి రాయాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. ఆలోచించగా, నేను నిజంగా నేర్చుకున్నానని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగల విద్య ఒక్కటే కనిపించింది. అది తేనెటీగల పెంపకం. దానికి పరీక్ష లేదు, పట్టా లేదు. గురువు మా చిన్నాయన. తరగతి గది సంగారెడ్డి - పటాన్‌చెరు రోడ్డుకు కొంచెం లోపలగా, కంది ఊరికి దగ్గర్లో ఉన్న మా చెలక. ఆ విద్యలో నేను ఒకసారి ఘోరంగా తప్పాను. తప్పాను కాబట్టే ఇది రాస్తున్నాను.

1986లో నేను బి.యస్సీ. మొదటి సంవత్సరం విద్యార్థిని. అప్పటికి సంగారెడ్డి మెదక్ జిల్లాకు ముఖ్యపట్టణం. మా చిన్నాయన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పొలాల్లో రోజు పనికి పోయేవాడు. కందిమొక్కలకు పల్చటి గుడ్డసంచులు తొడగడం అక్కడ ఆయన చేసే పనుల్లో ఒకటి. ఒక రకం కంది పుప్పొడిని ఈగలు మోసుకుపోయి ఇంకో రకం పువ్వు మీద వేస్తే విత్తనం కల్తీ అవుతుంది. ఆ ఈగలను ఆపడానికే సంచి. సాయంత్రం ఇంటికి వచ్చి మాత్రం పెరట్లో ఉన్న నాలుగు తేనెపెట్టెల దగ్గర కూర్చునేవాడు.

“పొద్దంత ఈగలు రావద్దని సంచులు కడ్త. పొద్దూకి ఇంటికొచ్చి అవే ఈగలకు నీళ్లు పెడ్త. నా బతుకు గిట్లున్నది బిడ్డా” అని నవ్వేవాడు.

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

మొదటి పాఠం : ఏ ఈగ పెట్టెలో ఉంటుంది?

తేనెటీగలన్నీ పెంపకానికి లొంగవు. నీళ్ళ ట్యాంకుల కింద, ఎత్తయిన చెట్ల కొమ్మలకు, పెద్ద పెద్ద భవనాల అంచులకు చాటంత పట్టు పెట్టేది కొండ తేనెటీగ. కంపచెట్లలో అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. ఈ రెండూ వెలుతురులో ఒకే ఒక పట్టు కడతాయి. పెట్టెలో పెడితే ఉండవు, లేచిపోతాయి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాతగోడల సందుల్లో చీకట్లో ఒకదాని పక్కన ఒకటిగా ఏడెనిమిది పట్లు కట్టేది పుట్ట తేనెటీగ. మా చిన్నాయన పెట్టెల్లో ఉన్నవి ఇవే. ఇవి కాక ఐరోపా నుంచి తెచ్చిన ఇటలీ తేనెటీగ ఒకటుంది. 1960లలో ఉత్తరాదిన నగ్రోటాలో అది మన దేశంలో నిలదొక్కుకుంది. తేనె ఎక్కువ ఇస్తుంది గాని, తిండీ ఎక్కువే, పోషణా ఎక్కువే.

చీకటి తొర్ర అలవాటున్న ఈగకు చీకటి పెట్టె చూపించడమే పెంపకం రహస్యం. అయితే పెట్టె అంటే ఏదో ఒక డబ్బా కాదు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు ఒక సంగతి కనిపెట్టాడు. రెండు పట్ల మధ్యగాని, పట్టుకూ గోడకూ మధ్యగాని సుమారు సెంటీమీటరు సందు వదిలితే ఈగలు దానిని నడిచే దారిగా వాడుకుంటాయి. సందు ఎక్కువైతే అక్కడ కూడా పట్టు కట్టేస్తాయి. ఈ ఒక్క కొలత తెలియడంతో, పట్టును చెక్క చట్రానికి కట్టించి, పుస్తకంలో పేజీ తీసినట్టు బయటికి తీసి చూసి మళ్ళీ పెట్టగలిగారు. తేనె కోసం పట్టును పిండి, పిల్లలను చంపే పాతపద్ధతి అవసరం లేకుండా పోయింది. మన పుట్ట తేనెటీగ చిన్నది కనుక దానికి తగినట్టు చిన్నపెట్టెను 1911 - 1917 మధ్య తిరుచిరాపల్లి ప్రాంతంలో న్యూటన్ అనే ఫాదరీ రూపొందించి పలువురికి నేర్పాడు. దక్షిణాదిన చాలాకాలం వాడింది ఆ పెట్టెనే.

చిన్నాయనకు ఈ పేర్లేవీ తెలియవు. కాని ఆయన చట్రాల మధ్య సందును తన చిటికెనవేలు పెట్టి చూసుకునేవాడు.

రెండవ పాఠం : తొందర పనికిరాదు

నాకు మొదటి పెట్టె చింతచెట్టు తొర్ర నుంచి వచ్చింది. సాయంత్రం పూట పోయాం. చిన్నాయన పాతగుడ్డ ముట్టించి తొర్రలోకి సన్నగా పొగ ఊదాడు. పొగ తగలగానే ఈగలు ఇల్లు తగలబడుతుందనుకుని కడుపు నిండా తేనె తాగుతాయి. కడుపు నిండిన ఈగకు కుట్టే ధ్యాస తగ్గుతుంది. పైగా అవి ఒకదాన్నొకటి హెచ్చరించుకునే వాసనను పొగ కమ్మేస్తుంది. తరువాత పిల్లలున్న పట్లను ఒక్కొక్కటే కోసి, చట్రాల్లో పెట్టి అరటినారతో కట్టాడు. ఈగలను చేతులతో తోడి పెట్టెలో వేశాడు. రాణి లోపలికి చేరిందో లేదో చూడడమే అసలు పని. రాణి చేరితే మిగతావి తమంతట తామే బారులు తీరి లోపలికి నడిచాయి. ఆ నడక చూసినప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది.

వారం తిరక్కముందే ఆత్రం పట్టలేక ఒంటరిగా మూత తెరిచాను. తెరిచేముందు ఒక అరటిపండు తిన్నాను. కంటిరెప్ప మీద ఒకటి, చెవి మీద రెండు కుట్టాయి. మర్నాడు వాచిపోయిన మొహంతో కాలేజీకి పోతే స్నేహితులు నెలరోజులు నవ్వారు.

“అరటిపండు వాసన వాటికి పడదురా. కొట్లాటకు పిలిచినట్టయితది” అన్నాడు చిన్నాయన. ఇది మూఢనమ్మకం అనుకుని మా రసాయనశాస్త్రం ఉపన్యాసకులను అడిగాను. ఆయన ప్రయోగశాలలో ఒక సీసా మూత తీసి వాసన చూపించారు. అచ్చంగా అరటిపండు. అది ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్. తేనెటీగ కుట్టినప్పుడు కొండి దగ్గర నుంచి వెలువడే హెచ్చరిక వాసనలో ముఖ్యమైన పదార్థం అదే! పాఠ్యపుస్తకంలో నేను బట్టీపట్టిన ఎస్టర్ నా కనురెప్ప మీద ఉందని ఆ రోజు తెలిసింది.

కుడితే కొండిని వీలైనంత త్వరగా తీసేయాలి. కొందరికి ఒక్క కుట్టుకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడదు. అటువంటివారు క్షణం ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలి. ఈ విద్య వారికి తగదు.

మూడవ పాఠం : పెట్టెలో సంసారం

పెట్టెలో ఒక్కటే రాణి, కొన్ని వందల మగ ఈగలు, వేల కొద్దీ పనిటీగలు. రాణి, పనిటీగ రెండూ ఒకే రకం గుడ్డు నుంచి పుడతాయి. తేడా అంతా తిండిలో ఉంది. చివరివరకు పాలజున్ను వంటి రాజాహారం తిన్న పిల్ల సుమారు 16 రోజుల్లో రాణి అవుతుంది. మూడురోజుల తరువాత మామూలు తిండికి మారిన పిల్ల సుమారు మూడు వారాలకు పనిటీగ అవుతుంది. మగ ఈగకు తండ్రి లేడు. ఫలదీకరణం చెందని గుడ్డు నుంచి పుడుతుంది. పనిటీగ పుట్టగానే గదులు తుడుస్తుంది, తరువాత పిల్లలను సాకుతుంది, మైనం స్రవించి పట్టు కడుతుంది, గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది. అన్నీ అయిన తరువాత చివరి రోజుల్లో గాని పువ్వులకు పోదు. అంటే మనం పువ్వు మీద చూసే ఈగ ఇంటిపనంతా ముగించుకున్న పెద్దమనిషి అన్నమాట.

అది పువ్వులున్న చోటు కనుక్కొని వచ్చి, చీకటి పట్టు మీద నాట్యం చేసి మిగతావాటికి దిక్కు, దూరం చెబుతుంది. నిట్టనిలువు గీతకు దాని నడక ఎంత కోణంలో ఉంటే సూర్యుడికి అంత కోణంలో పువ్వులున్నట్టు. ఈ భాషను చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

నాలుగవ పాఠం : పువ్వుల పంచాంగం

చిన్నాయన నాచేత ఒక నోటుబుక్కు పెట్టించాడు. ఏ నెలలో ఏ పువ్వు పూసింది, దానిమీద ఈగలు వాలాయా లేదా అన్నది రాయాలి. సంగారెడ్డి పండ్ల పరిశోధనా కేంద్రం మామిడికి పేరుపొందింది, చుట్టుపక్కల తోటలూ ఎక్కువే కనుక మామిడిపూతకు పెట్టెలు నిండిపోతాయనుకున్నాను. నోటుబుక్కు వేరే మాట చెప్పింది. మామిడిపూత మీద మామూలు ఈగలే ఎక్కువ. తేనెటీగలు అంతగా మోజు పడలేదు. చైత్రంలో వేప, తరువాత కానుగ, ఎండలు ముదిరాక చింత - ఇవీ మా పెట్టెలను నింపినవి. వానాకాలం మొదట్లో కరువు. అప్పుడు చక్కెర పానకం పెట్టకపోతే ఈగలు పెట్టె వదిలి పోతాయి. రోడ్డుమీద చెరకురసం బండి దగ్గరికి పోయి గ్లాసుల్లో పడి చస్తాయి. తరువాత జొన్న నుంచి పుప్పొడి, నువ్వుల పువ్వు, కార్తీకంలో కంది, చలికాలం చివర కుసుమ. ఈతచెట్ల కల్లుముంతల దగ్గర కూడా నా ఈగలను పట్టుకున్నాను. వాటిని ఏ ఖాతాలో రాయాలో తోచలేదు!

ఒక పుట్ట తేనెటీగల పెట్టె నుంచి ఏడాదికి అయిదారు కిలోల తేనె వస్తే సంతోషించవలసిందే. కాబట్టి దీనితో ధనవంతులం అవుతామని ఎవరూ భ్రమపడవద్దు.

నేను తప్పిన పరీక్ష

1987 కార్తీకమాసం. కందిచేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. చిన్నాయన పనికి పోయినప్పుడు, ఆయనతో చెప్పకుండా, నా పెట్టెను పెరట్లోనుంచి తీసుకుపోయి మా చెలక గట్టుమీద పెట్టాను. పువ్వుకు దగ్గరైతే తేనె ఎక్కువ వస్తుందన్నది నా లెక్క. గట్టుకు అవతల పక్కచేను పెద్దాయనది. ఆయనను వావి లేకపోయినా తాతా అనే పిలిచేవాళ్ళం. ఆయనతోనూ చెప్పలేదు.

నాలుగో రోజు కాలేజీ నుంచి వచ్చి చూస్తే పెట్టె ముందు నేలంతా ఈగలు. చచ్చినవి నాలుక బయటికి చాచి పడి ఉన్నాయి. చావనివి బొంగరంలా తిరుగుతున్నాయి. మూత తీస్తే లోపల రాణి చుట్టూ గుప్పెడు ఈగలు. పొద్దున్నే తాత కందిమీద పచ్చపురుగుకు మందు కొట్టాడు. ఈగలు పువ్వుమీద ఉన్న వేళ అది.

కోపంతో ఊగిపోతూ ఆయన దగ్గరికి పోయాను. పెద్దవాడని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన పంపు దించి, తాపీగా నా మొహం చూసి అడిగాడు:

“నీ ఈగలు నా చేన్లున్నయని నాకెవలు చెప్పిండ్రు బిడ్డా? పువ్వంత పురుగు తింటాంది. పంట పోతే నా అప్పు నువ్వు కడ్తవా?”

నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు.

రాత్రి చిన్నాయన తిట్టలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కొని, ఒకటే మాట అన్నాడు. “పెట్టె పెట్టుడు మన వశం. ఈగలు యాడికి పోతయో మన వశం కాదు. గందుకే ముందుగాల మనుషులతోని మాట్లాడాలె.”

చిన్నమ్మ పొద్దున్నే లేచి చచ్చిన ఈగలను చీపురుతో ఊడ్చి చింతచెట్టు మొదట్లో పోసింది. రెండు చాటలయ్యాయి. మూడోనాడు రాణి కూడా చచ్చిపోయింది.

పదిహేడు వందల ఎకరాల లెక్క

తరువాత ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. పుట్ట తేనెటీగ మామూలుగా కిలోమీటరు, కిలోమీటరున్నర దూరం వరకు పోయి వస్తుంది. కిలోమీటరున్నర వ్యాసార్ధంతో వృత్తం గీస్తే వైశాల్యం ఏడు చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో చెప్పాలంటే దాదాపు 1,750. మాకున్నది మూడెకరాల చెలక. అంటే నా పెట్టె నిలబడింది మా మూడెకరాల మీద కాదు. నాకు పేరైనా తెలియని ఎంతోమంది భూముల మీద, బావుల మీద, వాగుల మీద. తేనెటీగల పెంపకం నేర్చుకోవడమంటే పెట్టె తెరవడం మూయడం కాదనీ, ఆ పదిహేడు వందల ఎకరాలను చదవడమనీ అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు తాత దగ్గరికి చిన్నాయనతో కలిసి పోయాను. తప్పయిందని చెప్పాను. ఒప్పందం చాలా సులువుగా కుదిరింది. మందు కొట్టే ముందురోజు ఆయన తన మనవణ్ణి పంపుతాడు. ఆ రాత్రే, ఈగలన్నీ లోపలికి చేరాక, పెట్టె గుమ్మానికి గాలి ఆడే జాలీ బిగించి, నీడకు మార్చి, తడిగోనె కప్పుతాం. ఆయన కూడా పొద్దున మాని పొద్దూకినంక కొడతాడు. దానికి ఆయనకు ఖర్చేమీ కాలేదు. మేము ఏడాదికొక సీసా తేనె ఇచ్చేవాళ్ళం. ఆ తరువాత నా పెట్టె మందుకు చావలేదు.

ఆనాడు విరివిగా వాడిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. ఇమిడాక్లోప్రిడ్ వంటి మూడు మందులను ఆరుబయట పంటల మీద వాడకూడదని ఐరోపా సమాజం 2018లో ఆపివేసింది, కారణం తేనెటీగలే. కాని చట్టం వచ్చేదాకా ఆగకుండా రైతూ ఈగలవాడూ మాట్లాడుకుంటే జరిగే మేలు ఏమిటో మా గట్టుమీద నేను చూశాను.

సంచి కట్టిన చెయ్యి

ఇక చిన్నాయన సంచుల సంగతి. కంది పుప్పొడి బరువైనది, జిగటైనది, గాలికి ఎగరదు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు చేర్చేది ఈగలే - ముఖ్యంగా కొండ తేనెటీగ, ఆకులు గుండ్రంగా కత్తిరించుకుపోయే ఒంటరి ఈగ. విత్తనం శుద్ధిగా ఉండాలంటే వాటిని ఆపాలి. కాని సంకర కంది తయారు చేయాలంటే వాటిని పిలవాలి! పుప్పొడి లేని మొక్కలను నాలుగు వరుసలు, పుప్పొడి ఉన్నవాటిని ఒక వరుస నాటితే, మధ్య పని అంతా ఈగలది. ఆ విధంగా 1991లో విడుదలైన ఐ.సి.పి.హెచ్.-8 ప్రపంచంలోనే పప్పుధాన్యాల్లో మొదటి సంకర రకం. అది మన పటాన్‌చెరులో పుట్టింది. ఆ ఘనత రాసేటప్పుడు శాస్త్రజ్ఞులతో పాటు ఈగల పేరు కూడా రాయాలని నా మనవి.

వాగు నీళ్ళు

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పారిశ్రామికవాడలు పెరిగాయి. వేలమందికి అన్నం పెట్టాయి. ఆ వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారాయి. పటాన్‌చెరు వైద్యులు డాక్టర్ ఎ. కిషన్‌రావు వంటివారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

తేనెటీగకూ దీనికీ ఏం సంబంధం? ఎండాకాలం పెట్టెను చల్లబరచడానికి అవి నీళ్ళు మోస్తాయి. పిల్లలున్న చోట వేడి 35 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. వాటికి శుభ్రమైన నీళ్ళకన్నా కాస్త ఉప్పదనం, మడ్డి ఉన్న నీళ్ళంటేనే ఇష్టం. అందుకే చిన్నాయన పెట్టెల పక్కన మట్టిచిప్పలో గులకరాళ్ళు వేసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళు పోసేవాడు. “ఈడ నీళ్లుంటే వాగుకు పోవు” అనేవాడు.

తేనెటీగ పోయిన ప్రతిచోటి దుమ్మూ దానితో పెట్టెకు వస్తుంది. 2019లో పారిస్‌లో నోట్రడామ్ చర్చి తగలబడినప్పుడు, ఆ పొగ వెళ్ళిన దిక్కున ఉన్న పెట్టెల తేనెలో సీసం పెరిగిందని శాస్త్రజ్ఞులు తరువాత కొలిచి చూపించారు. అంటే తేనెపెట్టె మూగసాక్షి. రసాయనశాస్త్రం, జంతుశాస్త్రం విద్యార్థులు కలిసి మన పారిశ్రామికవాడకు దగ్గరగా ఒక పెట్టె, దూరంగా ఒక పెట్టె పెట్టి, ఏడాది పాటు తేనెను పరీక్షించలేరా? దానికి కావలసింది ఓపిక, ఒక మంచి ప్రయోగశాల, ఉపన్యాసకుల తోడ్పాటు.

నేర్చుకోదలచినవారికి

1991 - 92లో దక్షిణాది రాష్ట్రాల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి వచ్చి పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టింది. పిల్లలు గదుల్లోనే నీళ్ళసంచుల్లా అయి చచ్చేవి. చిన్నాయన పెట్టెలు కూడా ఆ కాలంలోనే ఖాళీ అయ్యాయి. ఆ దెబ్బకు తట్టుకున్న జట్ల సంతతి మళ్ళీ పుట్టల్లో, తొర్రల్లో కనిపిస్తున్నది. 1962లో పుణెలో ఏర్పడిన కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. ఖాదీ కమిషన్ 2017లో, కేంద్ర ప్రభుత్వం 2020లో తేనె పథకాలు మొదలుపెట్టాయి. కాబట్టి పెట్టె సంపాదించడం కష్టం కాదు.

కాని పెట్టె కొనేముందు ఒక ఏడాది నోటుబుక్కు పెట్టండి. పువ్వులు రాయండి. ఒక అనుభవజ్ఞుని పక్కన కనీసం పదిసార్లు నిలబడి చూడండి. స్టాండు నాలుగు కాళ్ళ కింద నీళ్ళచిప్పలు పెట్టండి, చీమలెక్కవు. పాత పట్లను వదిలేయకండి. మైనపు పురుగు పడుతుంది. తేనె మొత్తం తీయకండి. అది వాటి కరువుకాలం కూడు. అన్నిటికన్నా ముందు, చుట్టూ ఉన్న చేలవాళ్ళ దగ్గరికి పోయి, మీ పేరు చెప్పి, మీ పెట్టె ఎక్కడుందో చెప్పండి.

చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ చెలకల్లో చాలాభాగం ప్లాట్లయింది. నా ఉద్యోగం మొదటి ఏడాది ఊరికి దూరంగా ఉండి, కార్తీకంలో పెట్టెను గట్టుమీదికి చేర్చలేకపోయాను. సంక్రాంతికి ఊరికి పోతే తాత గట్టుమీదనే ఎదురయ్యాడు. కుశలమైనా అడగలేదు.

“ఏం బిడ్డా, ఈ యేడు పెట్టె పెట్టలేదేంది? నేను పొద్దూకినంకనే మందు కొట్టిన” అన్నాడు.

నేను పాసయిన పరీక్షలన్నిటిలోకీ అదే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను.